క్యాసెట్‌లో రీలు కంటే ముందే పాడయ్యేవి

పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దిగుతుంది. మూత తీస్తే పదో పాతికో క్యాసెట్లు. కొన్నిటి మీద సినిమా బొమ్మలు. కొన్నిటి మీద బాల్‌పెన్నుతో చేతిరాత: ‘పెళ్లి, సన్నాయి మేళం’, ‘నాన్న మాటలు 1989’, ‘హరికథ, శ్రీరామనవమి పందిరి’. ఇవి ఇంకా పలుకుతాయా అన్నది అక్కడున్న అందరికీ వచ్చే ప్రశ్న. దాని వెనకే ఇంకో ప్రశ్న రావాలి. పలికించబోతే ఉన్నది కాస్తా పోతుందా?

ఈ రెండోదే పెద్ద ప్రశ్న. ముప్పై నలభై ఏళ్లు అటక మీద ఉన్నా జరగని నష్టం, దించిన రోజు సాయంత్రం దొరికిన ప్లేయర్‌లో పెట్టి ప్లే నొక్కిన మొదటి నిమిషంలో జరిగిపోతుంది. రీలు మీద పడిన అయస్కాంత ముద్ర మనం అనుకునేదానికన్నా గట్టిది. బలహీనమైనవన్నీ దాని చుట్టూ ఉన్నాయి: స్పాంజి ముక్క, జిగురు, సన్నటి రేకు స్ప్రింగు, ప్లాస్టిక్ డబ్బా, ప్లేయర్‌లోని రబ్బరు. క్యాసెట్ కొనేటప్పుడైనా, చేత్తో పట్టుకునేటప్పుడైనా, దాచేటప్పుడైనా ముందు చూసుకోవాల్సింది వీటినే.

డబ్బా లోపలి సంగతి

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మొదటిసారి చూపించింది. బెల్జియంలోని హాసెల్ట్‌లో లౌ ఒటెన్స్ అనే ఇంజినీరు, ఆయన బృందం దాన్ని తయారుచేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫిలిప్స్ ఆ డిజైన్‌ను ఫీజు తీసుకోకుండా మిగతా కంపెనీలకూ ఇచ్చింది. జపాన్‌లో తయారైన క్యాసెట్ మన ఊరి టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె) ఏ పేచీ లేకుండా ఆడిందంటే కారణం అదే.

లోపలి రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున ప్లేయర్‌లో శబ్దాన్ని చదివే హెడ్ ముందు నుంచి నడుస్తుంది. స్టీరియో క్యాసెట్ అయితే ఆ కాస్త వెడల్పులోనే నాలుగు ట్రాకులు సర్దుకోవాలి, ఎ సైడుకు రెండు, బి సైడుకు రెండు. ఒక్కో ట్రాకుకు దక్కేది దాదాపు 0.6 మిల్లీమీటరు. ఇంత ఇరుకు దారిలో హెడ్‌కీ రీలుకీ మధ్య చిన్న దుమ్ము రేణువు దూరినా మాటలో ఒక అక్షరం ఎగిరిపోతుంది.

రీలు అడుగు పొర పాలిస్టర్, చీరల్లో వాడే పాలిస్టర్ జాతిదే. దాని మీద జిగురులో కలిపిన అయస్కాంత పొడి పూత ఉంటుంది. మామూలు క్యాసెట్లలో ఆ పొడి ఐరన్ ఆక్సైడ్. ఆ గోధుమరంగు దానివల్లే వచ్చింది. ఇనుప తుప్పుకు ఇది దగ్గరి చుట్టం. అప్పటికే తుప్పయిన పదార్థం కాబట్టి గాలికి కొత్తగా తుప్పు పట్టే భయం లేదు. చవకరకం అనుకున్న క్యాసెట్ కూడా దశాబ్దాల తర్వాత పలుకుతోందంటే ఈ స్థిరత్వమే కారణం. ఖరీదైన మెటల్ టేపులో మాత్రం ఇనుము రేణువులే నేరుగా ఉంటాయి, వాటిని గాలి నుంచి కాపాడడానికి విడిగా రక్షణ పొర వేయాల్సి వచ్చింది.

పాలిస్టర్‌కు ఇంకో గుణం ఉంది. తెగేముందు సాగుతుంది. తెగిన రీలును అతికించుకోవచ్చు, మహా అయితే మధ్యలో ఒక క్షణం పోతుంది. సాగిన రీలును మళ్లీ పూర్వపు కొలతకు తేవడం ఎవరివల్లా కాదు. ఆ చోట గొంతు ఎప్పటికీ ఊగుతూనే వినిపిస్తుంది. చిక్కుకున్న రీలును విసుగుతో లాగడం తెంచడం కన్నా పెద్ద తప్పు.

ఏది కొనాలి

1980లు, 90లలో తెలుగు ఊళ్లలో రికార్డింగ్ షాపుకు పాటల చీటీ పట్టుకెళ్లిన వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. రెండు సైడులూ కలిపి అరవై నిమిషాల సి-60లో పన్నెండు పద్నాలుగు పాటలు పట్టేవి. సి-90 తెస్తే ఇరవై దాకా. డబ్బు కలిసొస్తుందని చాలామంది సి-90 అడిగేవారు. సి-120 కూడా దొరికేది. అన్నీ ఒకే కొలత డబ్బాలు, మరి ఎక్కువ రీలు ఎలా పట్టింది? రీలును పలచన చేశారు. సి-60 రీలు మందం సుమారు 16 నుంచి 18 మైక్రాన్లు. సి-90లో అది దాదాపు 12. సి-120లో 9 మాత్రమే. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, సి-120 రీలు దానిలో ఏడెనిమిదో వంతు.

పలచబడితే మూడు నష్టాలు. త్వరగా సాగుతుంది. ప్లేయర్ రబ్బరు చక్రానికి అతుక్కుని చుట్టుకుపోతుంది. మూడోది చాలామంది గమనించనిది: చుట్టలో పక్కపక్క పొరలు మరీ దగ్గరగా ఉండడంవల్ల ఒక పొర మీది ముద్ర పక్క పొర మీదికి లీలగా అంటుకుంటుంది. హరికథ రికార్డింగులో నిశ్శబ్దం తర్వాత దాసుగారు గట్టిగా ఎత్తుకునే మాట, అసలు మాట రావడానికి రెండు మూడు సెకన్ల ముందే దూరం నుంచి ఎవరో అన్నట్టు సన్నగా వినిపిస్తే అది ఈ అంటుకోవడమే. వేడి ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. వినబోయే ముందు ఒకటి రెండుసార్లు పూర్తిగా చుట్టి విప్పితే కొంత తగ్గుతుంది.

దాచుకోదలిచిన ఏ రికార్డింగుకైనా సి-60 మంచిది. తప్పనిసరి అయితే సి-90. ఖాళీ సి-120 కనిపిస్తే కొనక్కర్లేదు. అందులో అప్పటికే ఏదైనా రికార్డయి ఉంటే మాత్రం దాన్నే అన్నిటికన్నా ముందు కాపీ చేసుకోవాలి.

రకాల సంగతికి వస్తే, టైప్ 1 అంటే మామూలు ఐరన్ ఆక్సైడ్. టైప్ 2లో క్రోమ్ లేదా కోబాల్ట్ కలిపిన ఆక్సైడ్, హిస్ (వెనకాల సన్నగా వినిపించే ‘స్‌స్’ చప్పుడు) తక్కువ. టైప్ 4 అంటే మెటల్. టైప్ 3 తొందరగానే మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇప్పుడు అమెరికాలో, ఫ్రాన్స్‌లో కొత్తగా రీలు తయారుచేస్తున్న కంపెనీలున్నా, చేసేది ప్రధానంగా టైప్ 1. టైప్ 2, మెటల్ అని అమ్ముతున్నవి పాత నిల్వలే, ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. సంగీతం శ్రద్ధగా రికార్డు చేసేవాళ్లకు, మంచి డెక్ (ఆంప్లిఫయర్‌కు కలిపే పెద్ద ప్లేయర్) ఉన్నవాళ్లకు వాటివల్ల ఉపయోగం ఉంది. ఇంట్లో మాటలు రికార్డు చేయడానికి అంత ఖర్చు దండగ. టేప్ రికార్డర్‌లో ఉండే చిన్న మైకు, పక్కనే తిరిగే మోటారు చప్పుడు ఆ రికార్డింగు నాణ్యతను ఎప్పుడో నిర్ణయించేస్తాయి, రీలు రకం కాదు.

రకం కన్నా డబ్బా ముఖ్యం. మూలల్లో, మధ్యలో కలిపి ఐదు స్క్రూలున్న డబ్బా అయితే ఏ తేడా వచ్చినా విప్పి బాగుచేసుకోవచ్చు. రెండు ముక్కలూ అతికేసిన డబ్బాను తెరవాలంటే కత్తితో అంచు చీల్చాలి. మన దేశంలో 1980ల్లో టి-సిరీస్‌లాంటి కంపెనీలు క్యాసెట్ ధరను సామాన్యుడికి అందేలా దించాయి, పాట పల్లెకు చేరింది. ఆ మేలు చిన్నది కాదు. కాకపోతే ధర తగ్గడానికి డబ్బా, రీలును హెడ్‌కు ఆనించే ప్యాడ్, లోపల చుట్టకు అటూ ఇటూ ఉండే పలుచటి షీట్లు అన్నీ చవకరకం పడ్డాయి. దుకాణంలో కొన్న సినిమా పాటల క్యాసెట్ కన్నా, అదే ఏడాది సోనీ హెచ్‌ఎఫ్, టీడీకే డి లాంటి ఖాళీ క్యాసెట్ మీద ఇంట్లో చేసిన రికార్డింగు ఈరోజు మెరుగ్గా పలకడం అరుదేమీ కాదు.

ఆన్‌లైన్‌లో పాత ఖాళీ క్యాసెట్లు కొనేవాళ్లు సీలు చూసి మురిసిపోకూడదు. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు అప్పుడూ వచ్చాయి, ఇప్పుడూ ఉన్నాయి. అక్షరాల అంచులు మసకగా ఉండడం, పేరులో ఒక అక్షరం తేడా, డబ్బా మరీ తేలిగ్గా ఉండడం గుర్తులు. వాడిన క్యాసెట్ అయితే కిటికీలోంచి రీలు చుట్టను చూడాలి. పైభాగం పళ్లెంలా సమంగా ఉండాలి. కొన్ని పొరలు మెట్లలా పైకి లేచినా, అంచున తెల్లటి పొడి కనిపించినా వద్దనుకోవడమే మేలు.

ప్లే నొక్కే ముందు

క్యాసెట్‌ను రీలు కనిపించే అంచు మనవైపు ఉండేలా వెలుతురులో పట్టుకోవాలి. అంచు మధ్యలో రీలు వెనకాల రాగిరంగు రేకు, దాని మీద గోరులో సగం కూడా లేని ఊలు ముక్క కనిపిస్తుంది. అదే ప్రెషర్ ప్యాడ్. రీలును హెడ్‌కు ఆనించి పట్టేది ఇదే. కొన్ని క్యాసెట్లలో ఊలుకు బదులు స్పాంజి పెట్టారు, అది ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. ఊలు ముక్కైతే జిగురు ఎండి ఊడి డబ్బాలో ఎక్కడో దొర్లుతుంటుంది. ప్యాడ్ లేని క్యాసెట్ ఆడితే శబ్దం గుడ్డలో చుట్టినట్టు వస్తుంది, ఒక పక్క స్పీకరు వచ్చిపోతుంటుంది. రీలు పోయిందనుకుని చాలామంది పారేసేది ఇలాంటివాటినే. రీలుకు ఏమీ కాలేదు. పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి, అందులోని రేకును ప్యాడ్‌తో సహా తీసి ఇందులో పెడితే పది నిమిషాల్లో గొంతు తిరిగొస్తుంది.

విప్పేటప్పుడు డబ్బాను బల్ల మీద పడుకోబెట్టి, పై మూతను నిదానంగా, వంచకుండా నిలువుగా ఎత్తాలి. మూలల్లో ఉండే రెండు చిన్న చక్రాలు, వాటి పిన్నులు ఎగిరి గచ్చు మీద పడితే వెతకడం కష్టం. ఎత్తగానే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే రీలు ఏ చక్రం చుట్టూ ఎటు తిరిగిందో తర్వాత తడుముకోవక్కర్లేదు.

రెండో ప్రమాదం రీలు చివర ఉంటుంది. రీలు మొదట్లో, చివర్లో రికార్డు కాని పారదర్శకమైన ముక్క ఒకటుంటుంది, లీడర్ అంటారు. దాన్ని రీలుకు కలిపిన అతుకు ముప్పై ఏళ్లకు ఎండిపోయి ఉంటుంది. పాత క్యాసెట్‌ను మెషీన్‌లో పెట్టి రివైండ్ నొక్కితే, జోరుగా వచ్చిన చుట్ట చివర్న టక్కున ఆగినప్పుడు ఆ అతుకు ఊడి రీలు లోపలికి వెళ్లిపోతుంది. మొదటిసారి చేత్తో తిప్పడం క్షేమం. మధ్య రంధ్రంలో ఆరు పళ్లుంటాయి, ఆరు పలకల పెన్సిల్ అందులో చక్కగా కూర్చుంటుంది. ఒకప్పుడు సెల్సు ఆదా చేయడానికి పిల్లలు గిరగిరా తిప్పిన పద్ధతే. ఇప్పుడు అంత జోరు వద్దు. తిప్పుతుంటే వేలికి తగిలే బరువును గమనించాలి. సాఫీగా తిరిగితే సరే. జిగటగా, ఆగి ఆగి తిరిగితే లోపలి షీట్లు పట్టేస్తున్నాయని అర్థం. అలాంటిదాన్ని మెషీన్‌లో పెడితే రీలు సాగుతుంది. స్క్రూల డబ్బా అయితే రీలును మంచి డబ్బాలోకి మార్చేయొచ్చు.

ఇక ప్లేయర్. ఏళ్లతరబడి వాడని మెషీన్‌లో బెల్టు సాగి ఉంటుంది, కొన్నిటిలో తారులా కరిగిపోయి ఉంటుంది. రబ్బరు చక్రం గట్టిపడి మెరుస్తుంటుంది. రీలును ‘తినేసేది’ ఎక్కువగా ఈ చక్రమే. ముందు హెడ్‌ను, రీలు తగిలే ఇనుప కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన కాటన్ బడ్‌తో తుడవాలి. బడ్ మీదకు వచ్చే తుప్పురంగు మరక, గతంలో ఆడిన క్యాసెట్ల నుంచి రాలిన పూతే. మరక రావడం ఆగేదాకా బడ్లు మార్చి తుడవాలి. రబ్బరు చక్రానికి మాత్రం సబ్బు నీళ్లు చాలు. తర్వాత పోయినా బాధలేని పాటల క్యాసెట్ ఒకటి పెట్టి రెండు సైడులూ పూర్తిగా ఆడించాలి. అది క్షేమంగా బయటికొచ్చాకే ‘నాన్న మాటలు’ లోపలికి వెళ్లాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోనందుకే ఎన్నో ఇళ్లలో ఎన్నో గొంతులు పోయాయి.

పెట్టె తెరవగానే క్యాసెట్ల రికార్డు రెక్కలు కూడా విరిచేయాలి. రీలు కనిపించే అంచు కిందికి, కాపాడాల్సిన సైడు మనవైపు ఉండేలా పట్టుకుంటే పై అంచులో ఎడమ మూలనున్న చిన్న రెక్క ఆ సైడుది. అది విరిస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా నొక్కుకోదు.

మూగబోయిన ‘శ’, ‘స’

క్యాసెట్ ఆడుతుంది, గొంతు వినిపిస్తుంది, కానీ దుప్పటి కప్పినట్టుంటుంది. రీలు అరిగిపోయిందని చాలామంది సర్దుకుపోతారు. అసలు తేడా చాలాసార్లు ఎక్కడుంటుందంటే, రికార్డు చేసిన మెషీన్ హెడ్, ఇప్పుడు ఆడిస్తున్న మెషీన్ హెడ్ ఒకే కోణంలో ఉండవు. హెడ్ మధ్యలో కంటికి కనిపించనంత సన్నటి చీలిక ఉంటుంది, వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లు. రీలు నడిచే దిక్కుకు అది కచ్చితంగా 90 డిగ్రీల్లో ఉండాలి. రవ్వంత వాలినా సన్నటి శబ్దాలు ముందు పోతాయి. దీన్నే అజిమత్ అంటారు.

దిద్దడం పెద్ద విద్యేం కాదు. హెడ్‌కు ఒక పక్కన స్ప్రింగుతో కూడిన చిన్న స్క్రూ ఉంటుంది. చాలా ప్లేయర్లలో ప్లే అవుతుండగానే దాన్ని అందుకోవడానికి మూత కింద చిన్న రంధ్రం కూడా పెట్టారు. మొదట స్క్రూ ఉన్న చోటును మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. మాటలు నడుస్తుండగా పావు తిప్పు అటు, పావు తిప్పు ఇటు తిప్పుతూ ‘శ’, ‘స’, ‘ష’ అక్షరాల మీదే చెవి పెట్టాలి. ‘శ్రీనివాసుడు’ అన్న మాటలో శ్రీ, స రెండూ పదునుగా, ఊదినట్టు స్పష్టంగా పలికే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆపేయాలి. స్టీరియోను మోనోకు మార్చి వింటే ఆ చోటు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. ఒక టేప్ రికార్డర్‌లో చేసిన క్యాసెట్లన్నిటికీ ఇంచుమించు అదే సర్దుబాటు సరిపోతుంది, కాబట్టి ఒకే మెషీన్‌లో రికార్డయినవాటిని ఒక కట్టగా పెట్టుకుంటే పని సగమవుతుంది.

గొంతు చిన్నపిల్లల గొంతులా సన్నగా, హడావిడిగా వినిపిస్తే కథ వేరే. రికార్డు చేసిన రోజున సెల్సు అయిపోవచ్చి మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. ఇప్పుడు సరైన వేగంతో ఆడితే వేగం ఎక్కువైనట్టు ఉంటుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక దీన్ని దిద్దుకోవచ్చు.

కలరా ఉండలు, అటక, బీరువా

క్యాసెట్ల విషయంలో మన ఇళ్లలో అందరికీ ఉన్న భయం అయస్కాంతం. స్పీకరు దగ్గర పెట్టొద్దు, టీవీ మీద పెట్టొద్దు అని చెప్పని వాళ్లు లేరు. మాట తప్పు కాదు. అయితే అయస్కాంతం బలం దూరంతోపాటు చాలా తొందరగా పడిపోతుంది. స్పీకరుకు ఒక అడుగు దూరం చాలు. ఫోన్ కవర్లలో, పర్సు గుండీల్లో వస్తున్న చిన్న గట్టి అయస్కాంతాలను మాత్రం క్యాసెట్‌కు ఆనించకూడదు. విదేశాలకు తీసుకెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే గురించి టెన్షన్ పడుతుంటారు. ఎక్స్‌రే కిరణాలు టేపును చెరపవు. చేతి సంచిలో పెట్టుకుని ఎక్కడం మంచిదే, అయితే అది ఎండ నుంచి, విసురుగా పడేసే చేతుల నుంచి కాపాడడానికి.

ఇంతగా భయపడని శత్రువు తేమ. ఆర్కైవుల్లో టేపులను 20 డిగ్రీల దరిదాపుల్లో, 30 నుంచి 40 శాతం తేమలో ఉంచుతారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి చోట్ల గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే. గాలి ఆడని డబ్బాలో 65, 70 శాతం దాటితే బూజు మొదలవుతుంది. చుట్ట అంచున తెల్లటి నూగులా, సాలెగూడులా కనిపించేది అదే. అది ఉన్న క్యాసెట్‌ను ఆడించకూడదు. పూత ఊడిపోవడంతోపాటు బూజు హెడ్‌కు అంటి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. విడిగా ఒక కవరులో పెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ముందు పొడి వాతావరణంలో ఆరనివ్వాలి. విలువైన రికార్డింగు అయితే అక్కడితో ఆగి, టేపులు శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్ల చేతికి ఇవ్వడమే తెలివైన పని.

రామగుండం, రెంటచింతల వైపు బాధ ఇంకోటి, అది వేడి. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే స్లాబు కిందనే ఉన్న అటక మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. ఎండలో ఆపిన కారు లోపల 60 దాటుతుంది. ఆ వేడికి రీలు చెరిగిపోదు. ప్యాడ్ జిగురు వదిలేస్తుంది, డబ్బా రవ్వంత వంగి లోపల రీలు ఒరుసుకుంటుంది. తెలుగు ఇళ్లలో క్యాసెట్లు చేరే చోటు సరిగ్గా అటకే కావడం దురదృష్టం. ఇంట్లో వాటికి తగిన చోటు పడకగదిలో, బయటి గోడకు ఆనని బీరువా, అందులో మధ్య అర. ఇనుప బీరువా అయినా నష్టం లేదు. అడుగు అర వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్లలో ముందు తడిసింది నేల మీదా అడుగు అరల్లోనూ ఉన్న సామానే. క్యాసెట్ తడిస్తే బురద లోపల ఎండకముందే మంచినీళ్లతో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో నిదానంగా ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్, ఎండ రెండూ పనికిరావు.

బీరువా అనగానే కలరా ఉండలు గుర్తొస్తాయి. బట్టల మధ్య క్యాసెట్లు పెట్టి నాలుగు ఉండలు వేయడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆ నాఫ్తలీన్ ఆవిరి క్యాసెట్ కవర్లలో వాడే పాలిస్టైరీన్ లాంటి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. క్యాసెట్లున్న అరలో అవి ఉండకూడదు. బియ్యంలో పెట్టడమూ వద్దు, పొడి లోపలికి పోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ పొట్లాలు చాలు. రంగు మారగానే వాటిని తీసి, వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. డబ్బా మూసే రోజు వానాకాలం కాకుండా పొడి రోజు అయ్యుండాలి, లేకపోతే తేమను లోపల బంధించినట్టే. ఏసీ గదిలోంచి తీసిన క్యాసెట్‌ను వెంటనే ఉక్కలో ఆడిస్తే రీలు మీద చెమ్మ పడుతుంది, కవరులోనే కొన్ని గంటలు ఉంచాలి.

క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఒక సైడు పూర్తిగా చుట్టేసి పెడితే బయటికి కనిపించే ముక్క లీడరే అవుతుంది, దుమ్ము పడినా రికార్డింగుకు నష్టం ఉండదు. సగంలో ఆపి పెట్టిన క్యాసెట్‌లో గాలికీ దుమ్ముకీ తగిలేది ఎవరిదో మాట.

ఇంటర్నెట్‌లో తరచూ కనిపించే ఒక సలహా గురించి హెచ్చరిక అవసరం. టేపును ఓవెన్‌లో వేడిచేస్తే బాగవుతుందని అంటారు. అది 1970, 80లలో వచ్చిన కొన్ని స్టూడియో రీళ్లకు, వాటి జిగురు తేమను పీల్చుకుని జిగటయ్యే ప్రత్యేకమైన జబ్బుకు, కొలిచిన ఉష్ణోగ్రతలో గంటలతరబడి చేసే వైద్యం. క్యాసెట్‌కు ఇంట్లో అది చేస్తే డబ్బా వంగుతుంది, అంతే. తెగిన రీలుకు మామూలు సెలోటేపు వేయడం కూడా అలాంటిదే. జిగురు అంచుల్లోంచి ఊరి పక్క పొరలకు, చివరికి హెడ్‌కు అంటుతుంది. దీనికోసమే చేసిన సన్నటి స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. రెండు చివరలనూ ఏటవాలుగా కోసి, పూత లేని వైపు అతికించాలి.

ముందు ఏ క్యాసెట్

యునెస్కో, ధ్వని, దృశ్య ఆర్కైవుల అంతర్జాతీయ సంఘమైన ఐఏఎస్ఏ కలిసి 2019లో మాగ్నెటిక్ టేప్ అలర్ట్ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. టేపులు ఆడించే మంచి మెషీన్లు, విడిభాగాలు, బాగుచేసే చేతులు 2025 ప్రాంతానికి కరువైపోతాయన్నది ఆ హెచ్చరిక. మన ఊళ్లలో పరిస్థితి అంతకన్నా ముందే అక్కడికి చేరింది. టేప్ రికార్డర్ మెకానిక్ షాపులు సెల్‌ఫోన్ రిపేరుకు మారి చాలా ఏళ్లయింది. కొత్తగా అమ్ముతున్న చవక ప్లేయర్లు ఇంచుమించు అన్నీ ఒకే సాదాసీదా యంత్రం మీద తయారవుతున్నాయి, హిస్ తగ్గించే డాల్బీ ఉండదు, వేగం నిలకడగా ఉండదు. యూఎస్‌బీ తగిలించుకునే బుల్లి ప్లేయర్ కన్నా, బెల్టు మార్చిన పాత డెక్ ఎప్పుడూ మేలు.

మెషీన్ ఎన్నాళ్లుంటుందో తెలియనప్పుడు వరస ముఖ్యం. హెచ్ఎంవీ, లహరి, ఆదిత్య ముద్ర ఉన్న సినిమా పాటలు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి, వాటిని చివరకు వదిలేయొచ్చు. ప్రపంచంలో ఇంకో కాపీ లేనివి ముందు రావాలి. ఊరి జాతరలో చేసిన బుర్రకథ, ఒగ్గుకథ. పెళ్లిలో ముత్తవ్వలు పాడిన పాటలు. ఫోన్ కాల్ ఖరీదు భరించలేని రోజుల్లో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్లు. వాటికి ఇంటినుంచి జవాబుగా పిల్లలు, తల్లి, భార్య మాట్లాడి పంపినవి, ఎడారి గదుల్లోంచి పెట్టెలో తిరిగొచ్చినవి. ఇవి సాధారణంగా ఏది దొరికితే దాని మీద రికార్డయినవి. సినిమా క్యాసెట్ రెక్క గుంటలో కాగితం ఉండ పెట్టి, పాటల మీదే రికార్డు చేసినవి కూడా ఉంటాయి, పైన లేబుల్ చూసి పక్కన పడేస్తారు. ఆ రెక్కల గుంటలో కాగితమో సెలోటేపో కనిపించిన ప్రతి సినిమా క్యాసెట్‌నూ ఒకసారి విని తీరాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వేవ్ ఫైలుగా, 24 బిట్‌లో, కనీసం 48 కిలోహెర్ట్జ్‌లో చేయాలి. గంట రికార్డింగుకు సుమారు ఒక జీబీ అవుతుంది, ఈ రోజుల్లో అది లెక్కలోది కాదు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 విడిగా చేసుకోవచ్చు. హిస్ తగ్గించడం, శుభ్రం చేయడం కాపీ మీదే చేయాలి, మొదటి ఫైలు ఉన్నదున్నట్టు ఉండాలి. రెండు వేర్వేరు చోట్ల రెండు కాపీలు పెట్టాలి. కాపీ అయ్యాక కూడా అసలు క్యాసెట్‌ను పారేయకూడదు, రేపు ఇంకా మంచి మెషీన్ దొరికితే ఇంకా మంచి కాపీ తీయొచ్చు.

లేబుల్ మీద ‘నాన్న మాటలు 1989’ అని ఉంటుంది, అందులో నాన్నతోపాటు ఇంకో నలుగురు మాట్లాడుతుంటారు. ఎవరు దగ్గారో, ఎవరు వెనకనుంచి టీ అడిగారో, పక్కన ఏడుస్తున్న పసిబిడ్డ ఎవరో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. క్యాసెట్ ఎక్కిస్తున్న రోజున వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు వింటూ చెప్పే మాటలను ఇంకో ఫోన్‌లో రికార్డు చేసి, ఆ ఫైలుకు కూడా అదే పేరు పెట్టి పక్కనే ఉంచాలి.